తాళం వేసిన ఆదర్శ వంటిల్లు

దేశంలో జరిగే సకల గందరగోళానికీ మూలం వంటింట్లోనే ఉందని మా పంచాయతీ ప్రెసిడెంటు పురుషోత్తం గారు రెండువేల నాలుగులో కనిపెట్టారు. తమిళనాడులో మా క్రిష్ణగిరి కొత్తగా జిల్లా అయిన సంవత్సరం అది. కొత్త జిల్లాకు మన వంతు కానుకగా ఒక కొత్త ఆలోచన ఇవ్వకపోతే బాగుండదని, ఆటోకు మైకు కట్టించి వేప్పనపల్లి రోడ్డు పొడవునా చాటించారు: "ఆదర్శ వంటిల్లు పథకం! సర్దిన వంటిల్లే చక్కబడ్డ దేశం!"

ఆ నినాదం రాసింది నేనే. ఊరి బడిలో తెలుగు అయ్యవారిని కాబట్టి ఇటువంటి దేశసేవ తరచు నా వంతుకే వస్తుంటుంది.

వెంటనే అయిదుగురితో వంటిళ్ళ కమిటీ ఏర్పడింది. అయిదుగురూ మగవాళ్ళే. వారిలో ఒక్కరు కూడా అంతకుముందు వంటింట్లో అడుగు పెట్టినవారు కారు గనుక పక్షపాతానికి అవకాశమే లేదు.

మొదట మా పక్కింటి తిమ్మమ్మ వంటిల్లు ఎంపికైంది. ఆఫీసర్ల కారు సరాసరి ఆ గుమ్మం దాకా వస్తుంది, అదీ దాని అర్హత. తిమ్మమ్మకు ఇంట్లో తొమ్మిదిమంది, మామిడి కోతలప్పుడు ఇంకో ఇరవైమంది. అందరికీ ఆమే వండి పెట్టాలి.

ప్రెసిడెంటు గారు ఒక బిస్కెట్ డబ్బా మూత తీశారు.

"ఇందులో చింతపండు ఉండాదేమి తిమ్మమ్మా?"

"అవునప్పా."

"పైన బిస్కెట్ బొమ్మ ఉండాది కదా?"

"బిస్కెట్లు అయిపోయినాయి కదప్పా."

"ఈ పాలపొడి డబ్బాలో?"

"ఎండుమిరపకాయలు."

కమిటీ సభ్యుడు పిల్లప్ప నోటుబుక్కులో రాసుకున్నాడు: ప్రజలను తప్పుదోవ పట్టించే డబ్బాలు, పదకొండు.

"ఏది యాడుండాదో నాకు తెలుసప్పా. కండ్లు మూసుకోని తీస్తాను" అంది తిమ్మమ్మ.

"నీకు తెలిస్తే చాలదమ్మా" అన్నారు ప్రెసిడెంటు గారు, ఎంతో ఓర్పుతో. "ప్రభుత్వానికి తెలియాల."

రెండోరోజే పన్నెండు కొత్త డబ్బాలు వచ్చాయి. తెలుగు, తమిళం, ఇంగ్లీషులలో లేబుళ్ళు రాసి అంటించాను. సామాన్లన్నీ అక్షరక్రమంలో ఉండాలన్నది పిల్లప్ప సూచన. అలా కందిపప్పు, కారప్పొడి, కిరోసిన్ ఒకే అరలో పక్కపక్కన కూర్చున్నాయి. ఆ సాయంత్రం చారు కొంచెం కిరోసిన్ వాసన వేసింది. సంస్కరణ అన్నాక కొంత వాసన సహజమని కమిటీ అభిప్రాయపడింది.

తిమ్మమ్మకు చదువు రాదు. రోజుకు మూడు పూటలా గోడవతల నుంచి పిలుపు వచ్చేది.

"అయ్యోరూ, ఉప్పు ఏ అక్షరం?"

"ఉ, తిమ్మమ్మా."

"అది ఎట్లుంటాది?"

నేను గోడ దూకి వెళ్ళి చూపించేవాణ్ణి. తెలుగు అక్షరాలకు ఇంత గిరాకీ నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

నాలుగో రోజు పిల్లప్ప ఆకస్మిక తనిఖీకి వచ్చి, ధనియాల స్థానంలో జీలకర్ర ఉన్నట్టు పట్టుకున్నాడు. కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. వంటిల్లు చెదిరిపోవడానికి ఏకైక కారణం అందులో వండటమేనని ఏకగ్రీవంగా తేలింది. జిల్లా నుంచి ఆఫీసరమ్మ వచ్చి చూసి, మేలైన వంటింటికి బహుమతి ఇచ్చేదాకా వంటింటికి తాళం వేశారు. తాళంచెవి ప్రెసిడెంటు గారి చొక్కా జేబులోకి వెళ్ళింది.

"రేపు కాయ కోసేవాళ్ళు వస్తారప్పా. నేను యాడ వండాల?" అని అడిగింది తిమ్మమ్మ.

"అది నీ ఇష్టం తల్లీ. నీ సొంత విషయాల్లో పంచాయతీ తలదూర్చదు."

ఆమె తాళాన్ని ఒకసారి పట్టుకుని లాగి చూసింది.

"ముప్పై ఏండ్లు నా చెయ్యి ఆడిన చోటు, అయ్యోరూ" అంది నాతో. "ఇప్పుడు కిటికీలోనుంచి చూసుకోవాల."

మర్నాడు పొద్దున్నే తిమ్మమ్మ పశువుల కొట్టంలో ఒక మూల ఊడ్చి, అలికి, మూడు రాళ్ళ పొయ్యి పెట్టింది. పాత బిస్కెట్ డబ్బా, పాలపొడి డబ్బా గూట్లోకి ఎక్కాయి. మధ్యాహ్నానికల్లా ఇరవైమంది తిని లేచారు. నాకు గోడవతల నుంచి పిలుపు రాలేదు.

ఆఫీసరు హేమావతి మేడమ్ రాక రెండుసార్లు వాయిదా పడి, నలభైరోజుల తరువాత ఖాయమైంది. అప్పటికి పోటీలో రెండు వంటిళ్ళే ఉన్నాయి. ఒకటి తిమ్మమ్మది, రెండోది ప్రెసిడెంటు గారిది. తన ఇంటిని తానే ఎంపిక చేసుకోవడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు. కానీ కమిటీ అధ్యక్షుడి మాట కాదనలేకపోయారు. అధ్యక్షుడు ఆయనే.

తిమ్మమ్మ వంటింటి తాళం తీశారు. డబ్బాలన్నీ క్రమశిక్షణతో నిలబడి ఉన్నాయి. అయితే 'ఉప్పు' నుంచి 'కందిపప్పు' దాకా సాలెపురుగు ఒకటి గూడు కట్టింది. మేడమ్ రెండు మార్కులు తగ్గించారు. తలుపుకు మళ్ళీ తాళం పడింది.

ప్రెసిడెంటు గారి వంటిల్లు చూసి మాత్రం ఆమె గుమ్మంలోనే ఆగిపోయారు. గోడ మీద మసి లేదు. పొయ్యి మీద మరక లేదు. గిన్నెల మీద అంగడివాడు అంటించిన కాగితాలు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇంత నీటుగా ఎట్లా పెట్టుకున్నారమ్మా?" అని ప్రెసిడెంటు గారి భార్య మంజులమ్మను అడిగారు.

ప్రెసిడెంటు గారు దగ్గారు. మంజులమ్మకు ఆ దగ్గు అర్థం కాలేదు.

"దీంట్లో ఎవురు వండుతారు మేడమ్? ఆయన మీటింగుల్లో తినేసి వస్తాడు. నేను తిమ్మక్క దగ్గర తెచ్చుకుంటాను. ముందు వాళ్ళ వంటింట్లోనుంచి, ఇప్పుడు కొట్టంలోనుంచి."

"ఆదర్శం అంటే ఇదే" అన్నాడు పిల్లప్ప, రాసుకుంటూ.

మేడమ్ గడియారం చూసుకున్నారు. ఒకటిన్నర దాటింది.

"ఆ కొట్టం యాడుండాది?" అన్నారు.

ఎద్దులను బయట కట్టేశారు. మేడమూ, ప్రెసిడెంటు గారూ, కమిటీ మొత్తమూ, నేనూ వరసగా కూర్చున్నాము. రాగి సంగటి ముద్దలు ఆకుల్లో పడ్డాయి. మామిడికాయ పులుసు గరిటెతో తీసి తిమ్మమ్మ ప్రెసిడెంటు గారి ముందు ఆగింది.

"తాళంచెవి ఇస్తే పోస్తానప్పా."

"పథకం ఇంకా ముగియలేదు తిమ్మమ్మా..."

"ఇచ్చేయండి సార్" అన్నారు మేడమ్. "మీ తరవాత పులుసుకు మేమంతా వరసలో ఉండాము."

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చారు. తిమ్మమ్మ దాన్ని కొంగున ముడి వేసుకుని రెండు గరిటెలు పోసింది.

మేడమ్ రెండోసారి సంగటి వేయించుకున్నారు. అక్కడే, మోకాలి మీద పెట్టుకుని, ప్రశంసాపత్రం మీద ఎడమచేత్తో సంతకం పెట్టారు. నన్ను చదవమన్నారు. మధ్యలో ఒకచోట పులుసు పడి అక్షరాలు అలికిపోయాయి. ఆ కాస్తా వదిలేసి, ప్రెసిడెంటు గారి వంటిల్లు జిల్లాకే తలమానికమనీ, ప్రథమ బహుమతికి అన్నివిధాలా అర్హమైనదనీ గట్టిగా చదివాను.

చప్పట్లు కొట్టడానికి ఎవరి చేయీ ఖాళీగా లేదు.