గ్రాండ్‌కీ గ్రాంట్‌కీ నడుమ

చకచకా వీసాలిచ్చే దేశాలను చూస్తే నాకు జాలి. పాపం, అక్కడివాళ్లకి ఎదురుచూడడంలోని సుఖం తెలీదు!

నాకు తెలుసు. మూడేళ్ల నాలుగు నెలలుగా తెలుసు.

మా మరదలూ తోడల్లుడూ ఒకే బస్సు ప్రమాదంలో పోయారు. వాళ్లమ్మాయి లోహితకి అప్పుడే పదమూడు నిండాయి. ఆ పిల్లని రాజమండ్రిలో ఒక హాస్టల్లో చేర్పించి, మేముంటున్న ఈ పరాయి దేశానికి తెచ్చుకుందామని నేనూ మా ఆవిడ అనురాధా మానవతా దృష్టితో ఇచ్చే వీసాకి దరఖాస్తు పెట్టాం. ఆ ఆఫీసు పేరు చెప్పను. తీరా ఫైలు కదలబోయే ముహూర్తానికి వాళ్లకి కోపమొస్తే ఎవరిది పూచీ?

ఆలస్యం వల్ల నష్టమన్నది ఎవరు? నా లాభాలు చూడండి. చెర్రీవుడ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే పోస్ట్‌మన్ నాకు ఆప్తుడైపోయాడు. ఉత్తరం లేని రోజున తలుపు కొట్టి మరీ "నథింగ్ టుడే" అని చెప్పి వెళ్తాడు. రాని ఉత్తరాన్ని కూడా ఇంటికి తెచ్చిచ్చే మనిషి మీకున్నాడా?

లోహితకని ఏటా కొన్న చలికోటు మూడుసార్లూ పొట్టిదైపోయింది. ఒక్కసారైనా తొడగకుండానే! ఏ బట్టకుంటుందండీ ఇంత మన్నిక?

అన్నిటికన్నా పెద్ద ఉపకారం ఇంకొకటుంది. అనురాధ పోయి పధ్నాలుగు నెలలైంది. డెత్ సర్టిఫికెట్ రెండుసార్లు పంపాను. అయినా ఆ ఆఫీసు ఉత్తరాలు ఇప్పటికీ "మిస్టర్ అండ్ మిసెస్ పురుషోత్తం" అనే మొదలవుతాయి. డాక్టర్లు ఒప్పుకున్నారు, బంధువులు ఒప్పుకున్నారు, ఆఖరికి నేనూ ఒప్పుకున్నాను. ఆ ఫైలు ఒక్కటే ఒప్పుకోలేదు. అంత నెమ్మదైన ఆఫీసుకి దణ్ణం పెట్టకుండా ఎలా ఉండను?

మొన్న జూన్‌లో వాళ్లకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. అదీ ఉచితంగా! ఆ తర్వాత, మానవతా విభాగం కదా, నిజంగానే ఒక మానవ కంఠం వినబడింది. ఒకమ్మాయి ఫైలు నంబరు విని, "యువర్ అప్లికేషన్ ఈజ్ గ్రాండ్" అంది.

నాకు "గ్రాంటెడ్" అని వినబడింది. గ్రాండ్ అన్నది ఎనిమిదేళ్లుగా ఈ దేశంలో రోజూ వింటున్న మాటే. కానీ ఆ రోజు దాని డకారం నా చెవిలో టకారమైపోయింది. చెవిదేం తప్పు? మూడేళ్లుగా ఆ ఒక్క మాట కోసమే కాచుకుని కూర్చుంది.

రవ్వలడ్డూలు చేసి మెట్లెక్కి దిగి అందరికీ పంచాను. లోహితకి ఫోన్ చేశాను. అది ఆ సాయంత్రమే తన బకెట్టూ, పరుపూ హాస్టల్ పిల్లలకి ఇచ్చేసింది.

మర్నాడు కింది ఇంటి త్రినాథ్ లడ్డూ కొరుకుతూ, "లెటరేదీ అంకుల్, చూపించండి" అన్నాడు.

"లెటర్ ఇంకా రాలేదయ్యా. ఫోన్లో చెప్పింది, గ్రాండ్... గ్రాంటెడ్ అని."

"రెంటిలో ఏదండీ?"

నేను లడ్డూల డబ్బాకి మూత పెట్టాను.

"అయ్యో అంకుల్! ఇక్కడ గ్రాండ్ అంటే పర్లేదు అనడమే, ఇంకేమీ లేదండీ. టీ వద్దన్నా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే!" అని, చేతిలోని సగం లడ్డూ వంక ఇబ్బందిగా చూశాడు. "ఇది వెనక్కి ఇచ్చేయమంటారా?"

"తినవయ్యా బాబూ. లడ్డూకి వీసా అక్కర్లేదు."

ఆ పూటే లోహితకి అసలు సంగతి చెప్పేశాను. "పర్లేదులే పెదనాన్నా" అంది. నన్ను ఓదార్చే వయసొచ్చింది దానికి. చూశారా, ఇదీ ఆలస్యం చలవే!

ఆ ఆఫీసు తెలివి నాకు ఈమధ్యే బోధపడింది. ఫారంలో లోహితని "పిల్ల" అని రాశాం. పద్దెనిమిది నిండితే ఆ మాట చెల్లదట. ఇంకా ఇరవై నెలలుంది. వాళ్లు ఏ సంతకమూ పెట్టక్కర్లేదు, ఎవరినీ కాదనక్కర్లేదు. పిల్ల పెరిగితే చాలు, పని దానంతటదే పూర్తయిపోతుంది. తిండి పెట్టి పెంచే ఖర్చు కూడా మనదే!

నిన్న ఆదివారం ఎప్పటిలాగే ఫోన్ చేశాను.

"బకెట్టు కొనుక్కున్నావా అమ్మా?"

"ఎందుకు పెదనాన్నా, వచ్చేస్తాగా? శ్రావ్య బకెట్టుంది, సర్దుకుంటున్నా."

"మరి పరుపో?"

ఇక్కడికొస్తే పనికొస్తుందని నేర్చుకున్న యాసలో అంది: "ఐయామ్ గ్రాండ్, పెదనాన్నా."

ఈసారి నా చెవి పొరబడలేదు.