నీళ్లు ముట్టని తొట్టి

భూగర్భజలాల ప్రవాహాన్ని అధ్యయనం చేయడానికి ప్రయోగశాలలో నెలకొల్పిన అద్దాల తొట్టికి రెండేళ్లు నిండాయనీ, ఈ రెండేళ్లలో అందులో ఒక్క నీటిచుక్క కూడా పడలేదనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఇందులో ఎవరి అలసత్వమూ లేదు. మంచమంత పొడవున్న ఆ తొట్టిలో జల్లెడపట్టిన ఇసుకనూ బంకమట్టినీ పొరలు పొరలుగా నింపి, నలభై ఎనిమిది సెన్సర్లు పాతింది టెక్నీషియనే. ఒక్కో వైరుకూ తన చేత్తో రాసిన చీటీ కట్టాడు. తీరా నీళ్లు వదులుదామనేసరికి పరికరాల సంరక్షణ సంఘం అడ్డుపడింది. తడి తగిలితే అంత సున్నితమైన పరికరాలు ఏమైపోవాలని సభ్యులు గుండెలు బాదుకున్నారు. నిజమే కదా మరి! అప్పట్నుంచి ప్రతి ఉదయం టెక్నీషియన్ నలభై ఎనిమిది సున్నాలు పుస్తకంలో ఎక్కించి, అద్దం మీద దుమ్ము తుడిచి, టీ తాగుతున్నాడు.

అయినా ఇసుకలో నీళ్లు ఏ దారిన పోతాయో ఒక్కసారి కళ్లారా చూడాలని అతడి ప్రాణం కొట్టుకునేది. ఉద్యోగం ఖాయం చేసే కాగితం డైరెక్టరుగారి బల్లమీద ఉంది కాబట్టి నోరు మూసుకున్నాడు. ఆమధ్య ఒక సోమవారం అందరూ భోజనాలకు వెళ్లగానే, ఇక ఆగలేక, బకెట్టెడు నీళ్లు పోసేశాడు.

నీళ్లు కిందికి దిగి, బంకమట్టి పొర దగ్గర ఆగి, పక్కకు తిరిగి దారి వెతుక్కున్నాయి. సెన్సర్లు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. టెక్నీషియన్ సంతోషం పట్టలేక అద్దానికి ముక్కు ఆనించి నిలబడిపోయాడు. భోంచేసి వచ్చిన డైరెక్టరుగారికి ముందుగా కనిపించింది ఆ ముక్కే.

అత్యవసర సమావేశం జరిగింది. రెండేళ్లుగా ఒక్క మాట మీదున్న సెన్సర్లు ఇవాళ తలో మాటా చెబుతున్నాయని సభ్యులు ఆవేదన వ్యక్తం చేశారు. డైరెక్టరుగారు క్రమశిక్షణపై ముప్పావుగంట ప్రసంగించి, తర్వాత టెక్నీషియన్‌ని తన గదిలోకి పిలిచారు.

"చూడు నాయనా, సోమవారం కొలతలు పొరపాటని సంతకం పెట్టు. నీ కాగితం మీద నేనూ పెడతాను."

టెక్నీషియన్‌కి ఏడుపొచ్చింది. సంతకం పెట్టాడు.

తొట్టిని ఫ్యాను కింద ఆరబెట్టారు. సున్నాలు క్షేమంగా తిరిగొచ్చాయి. వాటి ఆధారంగా, రెండేళ్లలో భూగర్భజలాలు ఇసుమంతైనా తగ్గలేదని నివేదిక వెలువడింది. పేపర్లు మొదటి పేజీలో వేశాయి. కొలతలు తీసినవాడిగా టెక్నీషియన్ పేరూ అచ్చయింది. ఊరు ఊపిరి పీల్చుకుని మరో నాలుగు వందల బోర్లు వేసుకుంది.

ఉద్యోగం ఖాయమైన కాగితం పట్టుకుని టెక్నీషియన్ ఇంటికెళ్లేసరికి కుళాయిలో గాలి వస్తోంది. భార్య పేపరు మడిచి అతడి చంకలో పెట్టి, రెండు ఖాళీ బకెట్లు చేతికిచ్చింది.

"తగ్గలేదని చెప్పింది మీరేగా. వెళ్లి పట్టుకురండి."

ట్యాంకరు దగ్గర వరుస వీధి మలుపు దాటింది. నీళ్లు తగ్గలేదనీ, మన కుళాయిలకే ఏదో జబ్బు చేసిందనీ ముందున్న పెద్దాయన ఓపిగ్గా వివరించాడు. వరుసంతా తలూపింది. టెక్నీషియన్ కూడా ఊపాడు. ఎండ మండిపోతుంటే అందరూ నెత్తిన ఆ పేపరే కప్పుకున్నారు.

మీరు కూడా కప్పుకున్నారు. సరే, కాస్త ముందుకు జరగండి, మీ వెనక చాలామంది ఉన్నారు.