చాంది కూల్చిన వంతెన

భద్రాచలం అడవి అంచున ఒక వంతెనల కార్యాలయంలో 1996 ఆషాఢ మాసాన వాలు అక్షరాలను నిషేధించారు. కొత్తగా వచ్చిన ఇంజనీరు కోదండపాణి గారు కంప్యూటరు మీద గీసిన పటాలన్నీ తిరగేసి, అక్షరాలు పక్కకు ఒరిగి ఉండటం క్రమశిక్షణా రాహిత్యమని కనిపెట్టారు. ఆ పటాల్లోని వంతెనలు ఇంకా కట్టలేదన్న సంగతి కూడా కనిపెట్టేవారే గానీ, ముందు అక్షరాల పని తేలాలి గదా!

పటాలు మూడు వందల పన్నెండు. గీసే ఉద్యోగి ఒక్కతే, పినపాక దగ్గరి తండా నుంచి వచ్చిన చాంది. ఒక్కో పటం తెరిచి, అక్షరాలను నిటారుగా నిలబెట్టి లావు చేయడానికి ఆమెకు ఆరు నెలల గడువిచ్చారు. నూట నలభయ్యో పటంలో ఉన్నది ఆమె తండా ముందరి వాగు. అది పొంగితే నొప్పులొచ్చిన ఆడవాళ్లు దవాఖానాకు పోలేరు. అక్షరాలు తేలితేగాని పటాలు మంజూరుకు పైకి కదలవు. అందుకని చాంది ఒక మాక్రో రాసింది. అంటే, ఒక్క మీట నొక్కితే చెప్పిన మార్పును అన్ని పటాల్లోనూ తనంతట తానే చేసుకుంటూ పోయే ఆదేశాల వరుస.

ఆమె చాయ్ తాగి వచ్చేసరికి అక్షరాలన్నీ పోలీసు పరేడులా నిలబడి ఉన్నాయి.

హెడ్ క్లర్కు సర్వర్ సాబ్ లబలబలాడాడు. "ఎంత పని చేసినవమ్మా! ఆర్నెల్ల పని గింత జల్దీ అయిపోతే, ఆర్నెల్లు మనమంతా ఏం జెయ్యాలె?"

కోదండపాణి గారు మాత్రం పొంగిపోయారు. "విజ్ఞానం అడవిలో అడుగు పెట్టినది" అంటూ సిబ్బందికి ముప్పావు గంట ఉపన్యసించారు. తర్వాత చాందిని తన గదిలోకి పిలిచి గొంతు తగ్గించారు.

"అక్షరాల లావు మార్చినట్టు మాటలను కూడా మార్చవచ్చునా?"

"అవ్ సార్. ఏ మాట తీసి ఏ మాటైనా పెట్టొచ్చు." చాంది సంబరంగా చేసి చూపించింది.

మీట మాత్రం ఇంజనీరు గారే స్వహస్తాలతో నొక్కారు. 'కట్టవలసిన వంతెన' అని ఉన్నచోటల్లా 'కట్టిన వంతెన' అని వచ్చింది. పద్నాలుగు నిమిషాల్లో మూడు వందల పన్నెండు వంతెనలు పూర్తయ్యాయి. ఒక్క కూలీకి చెమట పట్టలేదు. వంతెనల నిర్మాణంలో జిల్లా ప్రథమ స్థానంలో నిలిచింది.

ఇంజనీరు గారి సన్మాన సభకు చాంది తండ్రి బిచ్యా నడుం దాకా తడిసి వచ్చాడు. "వాగు దాటి వచ్చిన, బిడ్డా," అన్నాడు కూతురితో. వంతెన ఉండగా నీళ్లలో దిగడం ప్రభుత్వాన్ని అవమానించడమేనని కోదండపాణి గారు వేదిక మీది నుంచే ఆయన్ను సున్నితంగా మందలించారు.

చాందికి ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే నూట నలభయ్యో పటం తెరిచి, 'కట్టిన' చెరిపేసి 'కట్టవలసిన' అని చేత్తో కొట్టింది. మధ్యాహ్నానికి మెమో అందింది: పూర్తయిన ప్రభుత్వ వంతెనను ఉద్దేశపూర్వకంగా కూల్చివేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

"కట్టనే లేదు సార్, ఎట్ల కూలుస్త? వచ్చి చూడుండ్రి!" అంది చాంది.

విచారణ సంఘం వచ్చింది. వాగు నిండుగా పారుతుండటంతో ఇవతలి గట్టునే కుర్చీలు వేయించుకుంది. అవతలికి పోయే దారి లేదు గనుక వంతెన కూలిన మాట వాస్తవమేనని ఏకగ్రీవంగా తేల్చింది. ఉద్యోగం పోయిన చాంది చీర ఎగదోపుకొని, వాళ్లందరూ చూస్తుండగానే వాగులో దిగి ఇంటికి నడిచింది.

వార్త పత్రికల్లో పడింది. వంతెన కూల్చిన దుర్మార్గురాలిని వదలొద్దంటూ పాఠకుల ఉత్తరాలు వెల్లువెత్తాయి. అన్నింటిలోకీ మీరు రాసిందే ఘాటుగా ఉంది.