కోటుకు ఎడమవైపు బరువు

కన్నారావుకు ఆ ఉదయం పెద్ద పనేమీ లేదు. కోటు తొడుక్కోవాలి, అది రెండువైపులా సమానంగా వేలాడుతోందో లేదో అద్దంలో చూసుకోవాలి, భార్య కళ్లు పరీక్షగా చూడకముందే మెట్లు దిగిపోవాలి. ఆరు నెలలుగా రోజూ చేస్తున్నదే.

కోటు కుడిజేబులో అరచేతిలో ఇమిడే పిస్తోలు ఉండేది. కన్నారావు రంగూన్‌లో కెంపుల వ్యాపారి ధర్మారావుగారి దగ్గర గుమస్తా. రాళ్ల పొట్లం పట్టుకుని కొనేవాళ్ల ఇళ్లకు తిరిగేవాడికి ఆయుధం ఉండాలని షావుకారే లైసెన్సు తెప్పించి దాన్ని చేతిలో పెట్టాడు. దాంతోపాటు తూటాలు నింపిన చదునైన ఇనపడబ్బీలు రెండు విడిగా ఇచ్చాడు. వాటిని మేగజీన్లంటారనీ, పిడిలో ఉన్నది అయిపోతే ఇంకోటి తోసుకోవాలనీ చెప్పాడు. మొదటి తూటా పేల్చే ధైర్యమే లేని మనిషికి ఇన్ని ఎందుకో కన్నారావుకు అర్థం కాలేదు గాని, షావుకారుకు ఎదురుచెప్పే ధైర్యం అసలే లేదు.

తాయారు ఆ మర్నాడే చూసేసింది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. "ఆ మాయదారి తుపాకి ఇంట్లో ఉంటే నానుండను మావా. కడుపులో బిడ్డతోనే బీమిలి ఓడెక్కెల్లిపోతాను" అంది. కన్నారావు ఆమె నెత్తిమీద చెయ్యివేసి, తిరిగి ఇచ్చేస్తానని ఒట్టు పెట్టాడు. ఇవ్వలేదు. ఇస్తే ఉద్యోగం ఉండదు, ఇవ్వకపోతే తాయారు ఉండదు. తాయారు లేని రంగూన్‌లో అతనికి ఒక్క పూట గడవదు. అందుకని దాచడం మొదలుపెట్టాడు.

అయితే పిస్తోలు బరువుకు కోటు కుడివైపు కిందికి లాగేది. మేగజీన్లు అక్కరకొచ్చింది అక్కడే. రెంటినీ రుమాల్లో చుట్టి ఎడమజేబులో వేస్తే కోటు దాదాపు తిన్నగా నిలిచేది. రాత్రిపూట పిస్తోలు అటకమీది పాత పెట్టెలోకి వెళ్లేది, మేగజీన్లు జేబులోనే నిద్రపోయేవి. నెల తిరక్కుండానే అవి తేలికైనట్టూ, కోటు మళ్లీ కుడివైపు ఒరిగినట్టూ తోచింది. బట్ట సాగిందనుకుని ఒక ఇత్తడి తాళంకప్ప కూడా ఎడమజేబులో పడేశాడు.

ఆ ఉదయం చెయ్యి పెడితే తాళంకప్ప ఒక్కటే తగిలింది.

గుమ్మం అవతల అత్తగారు అప్పలనరసమ్మ వక్కలు కత్తిరించుకుంటోంది. కూతురి పురుడుకని ఓడెక్కి వచ్చి, పసిపిల్లను చూసుకుంటూ ఉండిపోయిన మనిషి. పిల్లకు గాలీ ధూళీ సోకకుండా తలగడ కింద ఇనుము ఉండాలని ఆవిడే అక్కడ అడకత్తెర పెట్టింది. ఇవాళ ఆ అడకత్తెర ఆవిడ చేతిలో ఉంది. కన్నారావు చూశాడు గాని అతని బుర్రకు ఏమీ తట్టలేదు. తట్టినా అడిగే దారి లేదు. అత్తగారు అల్లుడికి ఎదురుపడదు, తలుపు చాటునుంచి కూతురితో చెప్పించవలసిందే. తాయారు నోటితో మేగజీన్ల గురించి అడిగించడం కంటే ఆ ఓడ టిక్కెట్టు తనే కొనిపెట్టడం సులువు.

టైము మించిపోతోంది. వంటింటి గూట్లో చిన్న గుండ్రటి డబ్బా కనిపించింది. చేత్తో ఎత్తి చూస్తే సరిగ్గా కావలసినంత బరువుంది. బెల్లమో ఏదో అనుకుని జేబులో వేసుకుని పజుండౌంగ్ పేటకు వెళ్లే ట్రామెక్కాడు.

అది బెల్లం కాదు. కిందింటి బర్మా ఆవిడ డా మ్యా ఆదరంగా పంపిన నప్పి, అంటే ఊరబెట్టిన చేపల ముద్ద. ట్రాము కుదుపులకు మూత వదులైంది. మొదట పక్కన కూర్చున్న పెద్దమనిషి లేచి నిలబడ్డాడు, తర్వాత ఎదుటి బెంచీ ఖాళీ అయింది. ఇంతమంది మర్యాదగా చోటిస్తున్నారంటే కోటు చాలా బాగున్నట్టుందని కన్నారావు మురిసిపోయాడు.

కెంపులు చూస్తానన్న దొరసాని బంగళాలో కుక్క మాత్రం అంత మర్యాద చూపలేదు. నేరుగా వచ్చి ఎడమజేబు పట్టుకుంది. కన్నారావు వెనక్కి లాక్కున్నాడు, కుక్క తనవైపు లాక్కుంది. ఆ పెనుగులాటలో కోటు తిరగబడి, కుడిజేబులోంచి పిస్తోలు దొరసాని కాళ్ల దగ్గర పడింది. ఆవిడ కేకకు తోటమాలి వచ్చాడు, తోటమాలి కేకకు పోలీసులు వచ్చారు.

ఠాణాలో బర్మీ ఇనస్పెక్టరు లైసెన్సు చూసి శాంతించాడు. ధర్మారావుగారు కూడా పరుగున వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఇక వెళ్లొచ్చనుకుంటూ ఉండగా ఇనస్పెక్టరు పిడిలోంచి మేగజీను లాగి చూశాడు. అందులో ఒక్క తూటా లేదు. విడి మేగజీన్లేవని అడిగితే అవీ లేవు. తిరుగుబాట్ల భయం ఉన్న ఆ రోజుల్లో తూటాలు మాయమయ్యాయంటే అవి ఎవరి చేతికి చేరాయన్నదే మొదటి ప్రశ్న, జైలు రెండోది. కన్నారావుకు నిజంగానే ఏమీ తెలియదు, తెలియదని చెప్పినకొద్దీ దొంగలా కనిపించాడు. చివరికి ఇల్లు వెతకాలన్నారు. జైలు మాట విన్నప్పుడు కూడా తడవని అతని చొక్కా ఇల్లు అన్న మాటకు తడిసిపోయింది.

మెట్లెక్కి వచ్చిన పోలీసుల్ని చూసి అప్పలనరసమ్మ తలుపు చాటుకు వెళ్లిపోయింది. ఇనస్పెక్టరు వచ్చిన పని హిందుస్తానీలో చెప్పాడు, షావుకారు తెలుగులో చెప్పాడు. కన్నారావు తలెత్తలేదు. తాయారు ఉయ్యాల దగ్గరికి వెళ్లి, పిల్ల తల మెల్లగా ఎత్తి, తలగడ కిందనుంచి రెండు మేగజీన్లూ తీసింది. ఒక్కోదానికి పసుపుదారం చుట్టి ఉంది. తర్వాత మినప్పప్పు డబ్బా తెచ్చి చాపమీద బోర్లించింది. పప్పులోంచి తూటాలన్నీ దొర్లాయి.

"ఒక్కటీ పోనేదు బాబూ" అంది షావుకారుతో. "తుపాకిలోవీ, ఈటిలోవీ అన్నీ మొదటి నెల్లోనే తీసేసేను. కడుపుతో ఉన్నదాన్ని, ఇంట్లో తూటాలుంటే నిద్దరట్టేది కాదు."

"అయితే ఇన్నాళ్లూ నా కెంపులకి ఖాళీ తుపాకీయా కాపలా?" అన్నాడు ధర్మారావుగారు.

"ఒక్క కెంపైనా పోయిందా బాబూ?"

షావుకారు ఆ మాట హిందుస్తానీలోకి మార్చి చెప్పాడు. ఇనస్పెక్టరు నవ్వాపుకోలేక, అన్నీ మూటగట్టి షావుకారు చేతికిచ్చి, ఇవి ఇక కొట్టులోనే ఉంచమన్నాడు. దానికి అందరికంటే ముందు తలూపింది కన్నారావు.

వాళ్లు వెళ్లాక అతను భార్య వైపు చూడలేక ఉయ్యాల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒట్టు తప్పాననీ, ఓడెప్పుడో చెబితే రేవుదాకా తోడొస్తాననీ అన్నాడు.

"ఆ కుడిజేబు అడుగు సిరిగిపోతే రెండుసార్లు కుట్టింది ఎవులనుకున్నావు మావా?" అంది తాయారు. "నాను బెంగెట్టుకుంతానని నువ్వు దాస్తన్నావు. నువ్వు బెంగెట్టుకుంతావని నాను దాసేను. నిన్నొగ్గేసి నానెక్కడికెల్తాను?"

కన్నారావుకు కళ్లనీళ్లు వచ్చాయి. తుడుచుకోబోయి అలవాటుగా రుమాలు కోసం ఎడమజేబులో చెయ్యిపెట్టి, నప్పి అంటిన వేళ్లతో కళ్లు నులుముకున్నాడు. దాంతో అవి ధారలు కట్టాయి. తాయారు నవ్వుతూనే కొంగు తడిపి అతని ముఖం తుడిచింది. తుడవడం అయిపోయాక కూడా కాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

తలుపు చాటునుంచి అత్తగారు దగ్గింది. "తాయారూ, రాత్రి అడకత్తెర తీసేసి కోటులోని ఆ ఇనపముక్కలెట్టేక పిల్ల ఎంత బాగా నిద్రోయిందో. ఇప్పుడు తలగడ కింద ఏటెట్టాలో మీ ఆయన్నడుగు."

అల్లుడు తాళంకప్పను శుభ్రంగా కడిగి పిల్ల తలగడ కింద పెట్టి, కోటు ఉతికి ఆరేశాడు.

జేబుల్లో ఏమీ లేని ఆ కోటు, ఆరు నెలల తర్వాత మొదటిసారి, ఎవరి సాయమూ లేకుండా తిన్నగా వేలాడింది.