ఎల్లుండి మాస్టారి డెబ్బై ఐదంగుళాల మహాసంగ్రామము

వినుడు, సోఫాసనాసీనులారా! రిమోటుహస్తులారా! భానుడు మధ్యాహ్నపు డ్యూటీ ముగించుకొని పడమటి దిక్కునకు బద్ధకముగా జారుచుండగా, ఆఫర్ల ఋతువు నగరమంతటను విజృంభించి, గోడగోడకును, స్తంభస్తంభమునకును, నిలిపి ఉన్న స్కూటరు సీటుకును సైతము కరపత్రములు అంటుకొనుచుండగా, చెప్పుల దుకాణమునకును పళ్ళ డాక్టరు గదికిని నడుమ ఇరుక్కొని నిలిచిన ఒకానొక టైలరింగు షాపున, కత్తిరింపు బల్ల ముందు నిలబడి, ఒక మహావీరుడు అట్టి కరపత్రమునే నాలుగవసారి చదువుచుండెను.

ఆ వీరుడెవ్వడనగా, నిరంతరకంఠవిలంబిత టేపుమాలాధరుడు, శాణోల్లీఢకత్తెరపాణి, సకలజనోదరపరిమాణరహస్యవేది. ఊరిలో ఎవరి పొట్ట ఎంత పెరిగెనో భార్యలకన్న ముందు ఇతనికే తెలియును. ఏ బట్ట ఎప్పుడడిగినను "ఎల్లుండి" అనుట తప్ప వేరొక మాట ఎరుగనివాడగుటచే, లోకులు ఇతనిని ఎల్లుండి మాస్టారు అని కీర్తించుచుందురు.

కరపత్రమున ఏమున్నదనగా, డెబ్బై ఐదంగుళముల స్మార్టు టీవీ, నలభై శాతము తగ్గింపు, మూడు దినములు మాత్రమే. మాస్టారి గుండె మిషను పెడలు వలె ఆడెను. ఆడదా మరి? ఇంట ఉన్న టీవీలో క్రికెట్టు బంతి కనబడదు, బ్యాటు పైకెత్తిన పిమ్మట జనము అరచినచో అది సిక్సరని ఊహించుకోవలెను. బావమరిది ఇంట పెద్ద టీవీ ఉన్నది, సోఫా మాత్రము చిన్నది. కావున ప్రతి ఆటకును మన వీరునికి దక్కునది వెనుక వరుసన కుంటి స్టూలు.

షాపు వెనుకనే ఇల్లు, ఇల్లనగా ముందరి గది ఒకటి, పడకగది ఒకటి, వంటగది ఒకటి. ఆ ముందరి గది కిటికీ కడ కాజాలు కుట్టుచు కూర్చుండు మాస్టారి ధర్మపత్ని కరపత్రమును కళ్ళజోడు పైనుండి చూచెను.

"ఎక్కడ పెడతారు దాన్ని?"

"గోడకి."

"ఏ గోడకి? ఒకదానికి అల్మారా, ఒకదానికి తలుపులు, ఒకదానికి బట్టల స్టాండు. మిగిలింది నా కిటికీ గోడే."

"పడుతుందే! ఊళ్ళో అందరి కొలతలూ తీసేవాణ్ణి, ఒక టీవీ కొలత తియ్యలేనా?"

ఆ కిటికీ సంగతి ఇచట చెప్పక తప్పదు. చీకటి పడుటకు ముందు గంటసేపు ఎండ దానిలోనుండి ఏటవాలుగా లోనికి వచ్చును. ఆ వెలుగులో ఆమె కాజాలు కుట్టుచుండ, మాస్టారు పక్కన చతికిలబడి, ఆనాడు నడుము కొలుచునపుడు ఊపిరి బిగబట్టినవారెవరో, అబద్ధము చెప్పినవారెవరో పూసగుచ్చినట్లు చెప్పును. ఆమె నవ్వి నవ్వి దారము తెంపుకొనును. ఇరువదిరెండేండ్ల కాపురమున వారిద్దరికీ మిగిలిన తీరిక ఆ గంటయే. దానికి ఆఫరెవ్వరు ఇత్తురు?

అంతట వీరుడు ఖాకీ కాగితపు చుట్టను బల్లపై పరచి, ట్రయలు లేనిదే చొక్కానైనను అప్పగింపని తన వృత్తిధర్మమును పాటించి, టీవీకి పేపరు కటింగు తీయ ఉపక్రమించెను. డెబ్బై ఐదంగుళములనగా, ఛాతీ ముప్పై ఎనిమిది అన్నట్లే అడ్డముకొలత యని నిశ్చయించుకొనెను. నిలువుకొలతను కరపత్రములోని బొమ్మను బట్టి లెక్కగట్టి నలభై రెండనెను. అంతటితో ఊరకుండెనా? చేయి ఊరుకోక, నలుదిక్కులా రెండేసి అంగుళములు కుట్టుమార్జిను వదలెను.

"టీవీకి మార్జినెందుకండీ?" అని ఇల్లాలు అడిగెను.

"ఉండనీవే. రేపు కాస్త లావెక్కితే?"

ఇట్లు జన్మించిన ఆ కాగితరాక్షసుడు గోడనెక్కి, స్విచ్చిబోర్డును మింగి, కిటికీ మీదికి అడుగు మేర పాకెను. ఆ కిటికీకి ఒకటే చెక్కరెక్క, అది లోపలికి, ఆ గోడవైపునకే తెరుచుకొనును. ఇక తెరుచుకొనదు. గదిలో పట్టపగలే లైటు వేయవలసి వచ్చెను.

"మూడ్రోజులు ట్రయలు చూద్దాం. తర్వాత కొందాం" అని మాస్టారు పలికెను.

"సరే. మీ సరదా, కానివ్వండి" అని ఆమె పలికెను.

ఓ శ్రోతలారా! తిట్టుకు ఎదురుతిట్టు కలదు, ఏడుపునకు ఓదార్పు కలదు. "సరే" అను ఆయుధమునకు భర్తృలోకమున విరుగుడు ఇంతవరకు కనుగొనబడలేదు.

ఆమె స్టూలు తీసుకొని వంటగదిలో బల్బు కిందికి పోయెను. మాస్టారు ఒక్కడే కాగితము ఎదుట ఆసీనుడై, తన మనోరణరంగమున ఉభయసేనలను మోహరించెను. ఇటు పక్క బంతి ఎక్కడ పడెనో కనబడు భాగ్యము, బావమరిదిని పిలిచి స్టూలు మీద కూర్చుండబెట్టు పరమానందము, నలభై శాతమను ఏనుగు. అటు పక్క, ఆన్ చేయగానే పాసువర్డు అడుగుట, పాసువర్డు చెప్పగానే ప్రకటన వేయుట, మనము దానిని చూచుటకన్న ఎక్కువగా అది మనలను చూచుట, నాలుగేండ్లకు యాప్‌లు ఆడక మొరాయించుట, అంత పలుచని ఒంటినుండి గొంతు సరిగా రాకపోవుటచే స్పీకర్లు వేరే కొనుట, తొమ్మిదడుగుల గదిలో ఈ చివర వికెట్ కీపరును ఆ చివర బంతిని చూచుటకు మెడ తిప్పి తిప్పి పట్టేసుకొనుట. నలభై శాతమను ఏనుగు ఘీంకరించెను. తక్కినవన్నియు చెల్లాచెదరయ్యెను.

ఆనాడు షాపునకు వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు నడుము ముప్పై రెండని బుకాయించి, టేపు నలభై చూపగా టేపునే తప్పుపట్టిన ముచ్చట మాస్టారి నాలుక చివర నిలిచియుండెను. చెప్పుటకు పక్కన ఎవరును లేరు. ఎవరు చూచుచున్నారని, కాగితమునకే చెప్పెను. కాగితము నవ్వలేదు. మాస్టారికి నిజముగా దిగులు వేసెను.

మరునాటి సాయంత్రము అతడు వంటగది గడప కడ నిలబడి చూచెను. నల్లబట్ట మీద నల్లదారము, ఆమె కళ్ళు నులుముకొని మరల కుట్టుచున్నది. లోపల ఇంకొక మనిషి కూర్చుండు చోటు లేదు.

"బ్యాంకు మేనేజరు వచ్చాడు నిన్న" అనెను.

"తర్వాత చెబుదురు గానీ, వెలుతురుకి అడ్డు తప్పుకోండి."

ఆ రాత్రియే అతడు భీషణమైన నిర్ణయము గైకొనెను.

మూడవనాడు మధ్యాహ్నము మన వీరుడు షోరూమున ప్రవేశించెను. మనస్సున మహోపన్యాసము సిద్ధముగా ఉండెను. "ఓరీ విద్యుత్తెరా! నా అర్ధాంగి కిటికీకై, ఆమె కన్నులకై, నిన్నును నీ నలభై శాతమును తృణమువలె త్యజించుచున్నాను! లోకము నా త్యాగమును తలచి కంటతడి పెట్టుగాక!" అని గర్జించుటకు నోరు తెరచి, టీవీని చూచి, ఆ నోరు మూయుట మరచెను.

"ఏంటిది, ఇంతేనా?" అనెను.

మెడలో కార్డు వేలాడు సేల్స్‌మన్ పరుగున వచ్చెను. "డెబ్బై ఐదంగుళాలు సార్. షోరూం మొత్తానికి ఇదే పెద్దది."

"ఎవరికి చెబుతావయ్యా?" అనుచు మాస్టారు మెడనుండి టేపు దూసెను. అడ్డము అరవై ఐదున్నర! "పది అంగుళాలు కొట్టేశారు!"

"లేదు సార్, టీవీల్ని మూల నుంచి మూలకి కొలుస్తారు."

"మూల నుంచి మూలకా? ఎడమ భుజం నుంచి కుడి తుంటి దాకా కొలిచి చొక్కా కుట్టినట్టుంది మీ యవ్వారం!"

అయినను నిజము గ్రహించెను. ఇది గోడకు చక్కగా సరిపోవును. కిటికీ రెక్క తెరుచుకొనును. త్యాగము చేయుటకు వచ్చిన త్యాగికి త్యాగకారణమే మాయమయ్యెను! ఇంతకన్న ఘోరమైన అవమానము ఏ వీరునికి కలిగినది?

"తిరగేసి చూపించు."

"వెనకెందుకు సార్? గోడకే కదా ఉండేది."

"లోపలి కుట్టు చూడకుండా నేను బట్ట ముట్టను."

తిప్పిరి. వెనుక దుమ్ము, దుమ్ము కింద ఒక చీటీ, 'ప్రదర్శన కొరకు'.

"పదకొండు నెలలే ఆడింది సార్" అని సేల్స్‌మన్ గొణిగెను. "రోజుకి పన్నెండు గంటలు, అంతే."

మాస్టారు చిరునవ్వు నవ్వెను. తన షాపులో బొమ్మకు తొడిగి, ఎండకు భుజములు వెలిసిన చొక్కాను తానును నలభై శాతము తగ్గించియే అమ్మును. అయినను, లోకసాక్షిగా చెప్పుచున్నాను, అతని మనస్సు విరిగినది ఆ చీటీ వలన కాదు. తెర వెలిగినచో బ్యాంకు మేనేజరు నడుము ముచ్చట వినువారెవ్వరు? ఆ ప్రశ్న రెండు దినములుగా అతని గొంతులో ముల్లై ఉండెను. "ఓ తెరాధమా! నీ కోటి రంగులకన్న..." అని లోన ఉపన్యాసము మరల మొదలయ్యెను గాని, నోటినుండి వెలువడినది ఇది:

"కాస్త చిన్నదిగా ఉందయ్యా. ఎల్లుండి చెబుతా."

"ఆఫర్ ఈరోజుతో అయిపోతుంది సార్!"

"అందుకే ఎల్లుండి."

ఇంటికి వచ్చి, ఖాకీరాక్షసుని ఒక్క పెట్టున చించి, కిటికీ రెక్క తెరచెను. ఎండ గదిలోనికి తన ఇల్లే అన్నట్లు వచ్చెను. ఇల్లాలు స్టూలు పట్టుకొని వంటగది వదలి వచ్చెను.

"కొనలేదా?"

"రుమాలంత ఉందే అది. వాళ్ళు మూల నుంచి మూలకి..."

"కొలుస్తారు. తెలుసు."

"నీకు తెలుసా? ఎప్పటినుంచి?"

"మీరు కాగితం పరిచినప్పటినుంచి. మా తమ్ముడు తన టీవీ కొన్నప్పుడు నేనూ షాపుకెళ్ళాగా."

"మరి చెప్పవేమే?"

"చెబితే మీరు సరిగ్గా కత్తిరించేవాళ్ళు, సరిగ్గా పట్టేది, కొనేసేవాళ్ళు. కూర్చోండి. ఇంతకీ ఆ బ్యాంకు మేనేజరు ఏమన్నాడు?"

మూడు దినములు అహోరాత్రములు పోరాడిన యోధుడు, అసలు యుద్ధము చేసినదెవ్వరో, సేనాపతి ఎవ్వరో అపుడు తెలిసికొని, కూర్చుండలేక కూర్చుండెను. రోషము వచ్చెను, నవ్వును వచ్చెను, నవ్వే గెలిచెను. ఏదో ఒకటి కొలువనిదే చేయి నిలువక, టేపు తీసి కిటికీ చట్రమునకు అడ్డముగా పట్టెను, మూడడుగులు. నిలువుగా పట్టెను, నాలుగడుగులు. అటుపై ఈ మూల నుండి ఆ మూలకు లాగి, కళ్ళజోడు సవరించుకొని, అంకె చదివి, ఒక్క కేక వేసెను.

"ఇది అరవై అంగుళాలుందే!"

దిక్కులారా, వినుడు! పాసువర్డు అడుగనిదియు, ప్రకటన వేయనిదియు, పాతబడి మొరాయింపనిదియు నగు అరవై అంగుళముల తెరను, తమ సొంత గోడలో ఇరువదిరెండేండ్లుగా ఉన్నదానిని, ఆ దంపతులు ఆనాటి సాయంత్రము ఐదుగంటల నలువది నిమిషములకు జయించిరి.