అమ్మాయిని ప్రశాంతంగా ఉంచే సంఘం

దర్జీకి ఒక సందేహం ఏళ్ల తరబడి ఉంది. పరీక్షలొస్తే ప్రతి ఇంట్లోనూ మా పిల్లకే మొదటి ర్యాంకు రావాలని దణ్ణం పెడతారు. ర్యాంకేమో ఒక్కటే. మరి దేవుడు ఎవరి దణ్ణం తోసిపుచ్చుతాడు? భక్తుడు కనుక ఈ సంగతి పైకి అనలేదు. తాను మాత్రం ర్యాంకు జోలికి పోకుండా, "పిల్ల గట్టెక్కితే చాలు స్వామీ" అని పొదుపుగా దణ్ణం పెట్టుకునేవాడు.

గట్టెక్కవలసింది అతని కూతురు. నిరుడు లెక్కల్లో తప్పింది. ఈసారీ తప్పితే నర్సు చదువులో సీటు పోతుంది. తెలివి లేక కాదు, హాల్లో చేతులు వణికి తప్పింది. అందుచేత ఆమెను ప్రశాంతంగా ఉంచడానికి ఇంట్లో ఒక సంఘం ఏర్పాటైనట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది. అధ్యక్షుడు దర్జీ. కార్యదర్శి అతని అక్క. సలహాదారు పై వాటాలోని రిటైర్డ్ హెడ్మాస్టరుగారు.

సంఘం పనితీరు ప్రశంసనీయం. మేనత్త గడియకోసారి తలుపు తోసి, "కంగారు పడ్డం లేదు కదమ్మా?" అని అడిగేది. లేదంటే, "మరి మొహం అలా పీక్కుపోయిందేం?" అనేది. తల్లి పాలగ్లాసుతో వచ్చి, పాత గ్లాసు నిండుగానే ఉండటం చూసి కళ్లొత్తుకునేది. చదువుకు అడ్డమని దర్జీ కుట్టుమిషను ఆపేసి గుమ్మంలో కూర్చున్నాడు. పిల్ల పేజీ తిప్పితే తృప్తిగా, తిప్పకపోతే దిగులుగా నిట్టూర్చాడు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఆ నిట్టూర్పులు వీధిలోకి వినబడ్డాయి.

పరీక్ష ముందురోజు హెడ్మాస్టరుగారు 'క్లుప్తంగా మనశ్శాంతి' అనే అంశంపై పొద్దున్నే మొదలుపెట్టి భోజనాల వేళదాకా ప్రసంగించారు. "చూడమ్మా, భయమన్నది లేనే లేదు. ఒకవేళ ఉందనుకో, దానికి పదహారు లక్షణాలు." పదహారూ తనలో ఉన్నాయని పిల్లకు అప్పుడే తెలిసింది.

భోజనానికి పిలిస్తే పిల్ల గదిలో లేదు.

దర్జీ చెప్పులైనా వేసుకోకుండా వీధి చివరిదాకా పరిగెత్తాడు. అక్కడ పిండిమరలో, చెవులు చిల్లులు పడే మోతలో, కూతురు గోధుమ బస్తా మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. జుట్టంతా పిండి. చెయ్యి మాత్రం వణకడం లేదు.

"ఇక్కడేం చదువే తల్లీ? ఈ మోతలో ఏమన్నా వినబడుతుందా?" అని రెండుసార్లు అరిచాడు.

"ఏమీ వినబడదు నాన్నా" అని పిల్ల అతని చెవిలో అరిచింది. "అందుకే."

మర నడిపే ఆవిడ చేత్తో సైగ చేసింది. "పిండి పట్టించాలా అన్నయ్యా? లేకపోతే దారికి అడ్డం తప్పుకోండి."

దర్జీ పక్క బస్తా మీద కూలబడ్డాడు. ధైర్యం చెబుదామని నోరు తెరిచాడు. నోట్లో పిండి పడింది. మూసుకున్నాడు. సాయంత్రందాకా మళ్లీ తెరవలేదు.

పిల్ల గట్టెక్కింది. ఈ విజయం తనదేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంగతి వీధంతా పాకి, ఇప్పుడు పిండిమరలో పిల్లల పక్కనే తల్లులూ కూర్చుని, మోతను మించిన గొంతుతో "ప్రశాంతంగా చదువు" అని అరుస్తున్నారు.

దర్జీ కూడా ఊరుకోలేదు. హెడ్మాస్టరుగారి మనవరాలికి పరీక్షలని తెలియగానే మెట్లెక్కి వెళ్లి, తాతనూ మనవరాలినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, 'పిల్లల్ని మాటలతో విసిగించరాదు' అనే అంశంపై దీపాలు పెట్టేవేళ దాకా మాట్లాడాడు. ఇన్నేళ్లుగా ఆయన దగ్గర ఉచితంగా పుచ్చుకున్న ఉపన్యాసాల బాకీ ఆ విధంగా వడ్డీతో సహా తీరింది.