రేపు పది దాటితే చాలు

తిరువూరులో ప్రశాంతత దొరుకుతుందని డాక్టర్ ఇమ్మాన్యుయేల్ గారికి ఎవరు చెప్పారో గానీ, ఆ శనివారం పొద్దున ఆయన ఆ ప్రశాంతతను కొలిచే పని పెట్టుకున్నారు. ఆయన సూదిమందు వేసే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. గుండెలో పుట్టే కరెంటు మీద సగం సర్వీసు, నరాలను శాంతపరిచే మందులు ఆ గుండెను ఏం చేస్తాయన్న దాని మీద మిగతా సగం హైదరాబాదులో గడిపి, రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు.

ఇంకొక్క పరిశోధన పత్రం మిగిలింది. మందు వేసుకున్నవాళ్ల రికార్డులన్నీ వచ్చాయి. ఏ మందూ వేసుకోని మనిషి గుండె కనీసం రెండు గంటలు నిమ్మళంగా కొట్టుకున్న రికార్డు ఒకటి తక్కువైంది. సోమవారం గడువు. ఒంటికి అంటించే బిళ్లలు ఒక్క సెట్టే ఉన్నాయి. ఇంకేం చేస్తారు, తన ఛాతీకే అంటించుకుని, ఇరవై నాలుగ్గంటలు నడిచే రికార్డరు నడుముకు కట్టుకుని, వరండాలో పడక్కుర్చీ వేసుకున్నారు. రేపు పది దాకా తనకు అలజడి పనికిరాదని భార్య సామ్రాజ్యం గారికి గట్టిగా చెప్పారు. ఏ గంటకు ఏం జరిగిందో రాసుకోవడానికి నోటు పుస్తకం తెరిచి, "10.00 – ప్రశాంతం" అని రాసుకున్నారు.

రెండో వరుస: "10.20 – మేరమ్మ గారు."

మేరమ్మ పక్కింటి పెద్దావిడ, చర్చిలో స్త్రీల కూటానికి పెద్ద దిక్కు. కరివేపాకు కోసం వచ్చి, బనీను కింద నుంచి వేలాడుతున్న తీగలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సామ్రాజ్యం గారు టీచరుగా చేసిన మనిషి, అబద్ధమాడరు. విన్నది విన్నట్టు చెప్పారు.

"రేపు పది దాకా అలజడి లేకుండా ఉండాలంట పిన్నిగారూ. పది దాటితే ఇంక ఫర్వాలేదు."

"ఇరవై నాలుగ్గంటలు టైమిచ్చారన్నమాట," అంది మేరమ్మ. కరివేపాకు మర్చిపోయి వెళ్లింది.

మధ్యాహ్నానికి టీపాయ్ మీద ఆరు బ్రెడ్డు ప్యాకెట్లు, మూడు హార్లిక్స్ సీసాలు చేరాయి. తనకేమీ కాలేదని, ఇది పరిశోధన అని ఆయన ఒక్కొక్కరికీ చెప్పారు. నాకేం కాలేదనే రోగిని చూస్తే జనానికి మరీ జాలి. చెప్పిన కొద్దీ వాళ్ల కళ్లు చెమర్చాయి, ఆయన గుండె దడదడలాడింది. రెడ్డిగూడెం బంధువులు మామిడికాయలు తెచ్చి, ఇవి ముగ్గడానికి నాలుగు రోజులు పడుతుందని చెప్పబోయి నాలుక కరుచుకున్నారు.

గంపలగూడెం షేర్ ఆటో నడిపే చాంద్‌బాషా ట్రిప్పులు మానుకుని, బండిని బెజవాడ వైపు తిప్పి గేటు ముందు పెట్టాడు. "రెండు గంటల్లో ఆస్పత్రిలో ఉంటారు సార్, మీరు టెన్షన్ పడమాకండి," అన్నాడు. అవసరానికి మొరాయించకూడదని అరగంటకోసారి బండి స్టార్టు చేసి చూసుకున్నాడు. స్టార్టయిన ప్రతిసారీ డాక్టరు గారు కుర్చీలో ఎగిరిపడ్డారు. ఆ కాపలా తెల్లవార్లూ సాగింది.

ఈలోగా సాయంత్రం ఆరున్నరకు పాస్టర్ యోసేపు గారు నలభై మందితో వచ్చారు. ఇమ్మాన్యుయేల్ గారు రికార్డు మీద ఆశ వదులుకున్నారు. వచ్చినవాళ్లను పొమ్మనలేక, మేరమ్మ ప్రార్థన మొదలుపెట్టగానే మర్యాదకు కళ్లు మూసుకున్నారు. మేరమ్మ ప్రార్థనంటే ఆదాము దగ్గర మొదలై విస్సన్నపేట దాకా అందరినీ పలకరించి వస్తుంది. అది ముగిసేదాకా చాంద్‌బాషా కూడా బండి ముట్టుకోలేదు. నోటు పుస్తకంలో ఆ వేళకు ఎదురుగా ఏమీ రాసి లేదు.

ఆదివారం పదింటికి బిళ్లలు పీకేశారు. గేటు దగ్గర వీధంతా స్తోత్రం చెప్పుకుంది. చాంద్‌బాషా ఆటోను మళ్లీ గంపలగూడెం వైపు తిప్పాడు. డాక్టరు గారు ఏడుపొక్కటే తక్కువగా కంప్యూటరు తెరిచారు. పగలంతా ముళ్లకంచెలా ఉంది గీత. రాత్రంతా ఆటో. మధ్యలో ఆరు నలభై నుంచి ఎనిమిదీ యాభై దాకా మాత్రం నిమిషానికి యాభై ఎనిమిది, తొణకలేదు, బెణకలేదు. మందు మింగినవాళ్లలో కూడా ఇంత చల్లని గుండె ఒక్కటీ లేదు. ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. కరివేపాకు కోసుకుని మేరమ్మ ఇంటికి వెళ్లి, జరిగింది చెప్పారు.

"నిజం చెప్పొద్దూ, నేను నిద్రపోయానండీ," అన్నారు తలవంచుకుని.

"పోతావు బాబూ. నా ప్రార్థనకి పాస్టరు గారే పోతారు," అంది మేరమ్మ తృప్తిగా.

పత్రం సోమవారం వెళ్లింది. నెలకు పత్రిక నుంచి ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది: ఆ రెండు గంటలూ సదరు వ్యక్తికి ఇచ్చిన మందు పేరు దాచిపెట్టడం పద్ధతి కాదని.